మన ఊరి గాలి బరువెంత? – ద్రవ సాంద్రత, భారమితి నిర్మాణం
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బయి ఐదు సంవత్సరాల మన పాఠశాల చరిత్రను గూర్చి నాకంటె బాగుగా తెలిసిన పెద్దలు ఇంతకుముందే ప్రసంగించారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు మాధ్యమాన్ని నిలుపుకొనడానికి మన పెద్దలు పడిన శ్రమను వారు చెప్పిన తరువాత నేను మరల చెప్పడం చర్వితచర్వణమే అవుతుంది. నేను ముప్పయి ఏండ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్న దానను. కనుక మన ప్రయోగశాలలోని బీరువా తెరచి, అందులోని ఒక వస్తువును గూర్చి మాత్రమే మాట్లాడుతాను. ఒక కొన మూసిన మీటరు పొడవు గాజు గొట్టం, ఒక పింగాణీ గిన్నె, తాళం వేసి ఉంచిన చిన్న సీసాలో పాదరసం: ఇవే ఆ వస్తువు. ఇవి మూడూ కలిస్తే భారమితి, అనగా గాలి బరువును కొలిచే సాధనం. దానితోబాటు నేను చేసిన ఒక తప్పును కూడ ఈ సభలో ఒప్పుకొనవలసి ఉన్నది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల సంగతి. తొమ్మిదవ తరగతి పిల్లల చేత టారిసెల్లి ప్రయోగం చేయించాను. గొట్టం నిండా పాదరసం పోసి, మూతిని వ్రేలితో మూసి, తలక్రిందులు చేసి, గిన్నెలోని పాదరసంలో ముంచి, వ్రేలు తీయాలి. పాదరసం కొంత దిగి ఆగిపోతుంది. ఆగిన చోటికి గిన్నెలోని మట్టం నుండి ఎంత ఎత్తో కొలవాలి. పుస్తకంలో 76 సెంటీమీటర్లు అని ఉన్నది. ఒక పిల్లవానికి 68.3 వచ్చింది. “గొట్టంలో గాలి చేరింది, మళ్ళీ చెయ్యి” అన్నాను. మళ్ళీ చేశాడు, అంతే వచ్చింది. మూడవసారి గొట్టాన్ని తట్టి తట్టి, బుడగ లేకుండా నింపి చేశాడు, మరల 68.3. రికార్డు పుస్తకంలో వాడు వ్రాసుకొన్న ఆ అంకెను ఎర్ర సిరాతో కొట్టివేసి, ప్రక్కన 76 అని నా చేతితోనే వ్రాశాను. అప్పుడు వాడు అడిగిన ప్రశ్న నాకు నేటికీ వినబడుతూనే ఉన్నది. “పుస్తకంలో ఉన్నది వ్రాయాలా టీచర్, చూసినది వ్రాయాలా?” పరీక్షకు పుస్తకంలో ఉన్నదే వ్రాయమన్నాను.

రెండేండ్ల తరువాత ఒక శాస్త్ర ప్రదర్శన కొరకు కృష్ణగిరికి వెళ్ళవలసి వచ్చింది. అప్పటికి కృష్ణగిరి ఇంకా ధర్మపురి జిల్లాలోనే ఉండేది, మనకు వేరు జిల్లా 2004లో గదా ఏర్పడింది! అదే గొట్టాన్ని గుడ్డలో చుట్టి, అదే పాదరసపు సీసాను సంచిలో పెట్టుకొని బస్సెక్కాను. సంచిని జరపబోయిన కండక్టరు ఉలిక్కిపడి, ఇందులో ఇనుము పెట్టారా అమ్మా అని తమిళంలో అడిగాడు. ఇనుమైతే ఇంత బరువుండదు, ఇనుప మేకును ఈ సీసాలో వేస్తే బెండులాగా తేలుతుంది అని చెప్పాను. ఆయన నమ్మినట్లు లేదు. శూలగిరి మీదుగా యాభై కిలోమీటర్లు దిగి కృష్ణగిరి చేరి, అక్కడ ప్రయోగం చేసి చూపిస్తే పాదరసం 71.5 దగ్గర నిలిచింది. అదే గొట్టం, అదే పాదరసం, అవే చేతులు. మూడు సెంటీమీటర్ల పైచిలుకు తేడా.

ఆ రాత్రి కాగితం తీసుకొని లెక్క వేశాను. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కృష్ణగిరి సుమారు 500 మీటర్లు. పుస్తకంలోని 76 సముద్రపు ఒడ్డున ఉన్నవారి అంకె. హోసూరులో మన నెత్తిమీద గాలి అంత లేదు. 900 మీటర్ల మందం గాలి మన కాళ్ళ క్రిందనే మిగిలిపోయింది. ఇక్కడ పాదరసం సుమారు 68.5 సెంటీమీటర్లే నిలవాలి. కృష్ణగిరిలో 71.7 దరిదాపుల ఉండాలి. ఆ పిల్లవాని గొట్టంలో గాలి ఉన్నదో లేదో గాని, వాని లెక్కలో తప్పు లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ గొట్టం మీటరు పొడవే ఎందుకుండాలి? ఇందులో పాదరసమే ఎందుకు పోయాలి? నీళ్ళు చౌక గదా, నీళ్ళు పోయరాదా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే మాటలో ఇమిడి ఉన్నది. ఆ మాట సాంద్రత. ఒక ఘనసెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగితే, అంతే పరిమాణం గల పాదరసం 13.6 గ్రాములు తూగుతుంది. భారమితి ఒక త్రాసు వంటిది. ఒక తట్టలో మన మీది గాలి, మరొక తట్టలో గొట్టంలోని ద్రవం. గాలి మోయగలిగిన బరువు ఒక్కటే. ద్రవం బరువైనదైతే పొట్టిగా నిలుస్తుంది, తేలికైనదైతే పొడుగ్గా నిలుస్తుంది. సాంద్రత ఎన్ని రెట్లు తగ్గితే ఎత్తు అన్ని రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు, లావు గొట్టం పెడితే ఎత్తు తగ్గదా అని. తగ్గదు. మేడ మీది తొట్టి వెడల్పెంతైనా, క్రింది కుళాయిలో నీటి జోరు తొట్టి ఎంత ఎత్తున ఉన్నదో దానిని బట్టియే ఉంటుంది. గొట్టం లావు రెట్టింపైతే ద్రవం బరువూ పెరుగుతుంది, దానిని మోసే గాలి అడుగు కూడ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి గొట్టం పొడవును నిర్ణయించేవి ద్రవ సాంద్రతయు, ఆ చోటి గాలి పీడనమును, భూమి ఆకర్షణయు మాత్రమే.

మన హోసూరు గాలికి వివిధ ద్రవాలతో లెక్క కట్టి చూడండి. పాదరసానికి 68.5 సెంటీమీటర్లు. గ్లిసరిన్ సాంద్రత 1.26 గనుక దానికి సుమారు 7 మీటర్ల 40 సెంటీమీటర్లు. నీటికి 9 మీటర్ల 30. మన వేరుసెనగ నూనె నీటికంటె తేలిక గనుక పది మీటర్లు దాటుతుంది. ఆల్కహాలుకు పదకొండు మీటర్ల పైమాట, అయితే దానికి మరొక చిక్కు ఉన్నది, ముందు చెబుతాను. బల్ల మీద పెట్టుకొనే సాధనం కావాలంటే పాదరసం తప్ప మరొక మార్గం లేదని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇది మొదట గ్రహించిన వారు పంపులు పెట్టుకొని విసిగిపోయిన ఇటలీ దేశస్థులు. పీల్చే పంపు పద్దెనిమిది మూరలకు మించి నీటిని పైకి లాగలేకపోతున్నదని గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ప్రస్తావించాడు. రోము నగరంలో గాస్పారో బెర్తి అనే ఆయన 1640 ప్రాంతంలో ఒక ఇంటి గోడకు పొడవైన గొట్టం అమర్చి నీటితోనే పరీక్ష చేశాడు. గెలీలియో శిష్యుడు టారిసెల్లి ఆలోచన ఇక్కడ మలుపు తిరిగింది. నీరు ఇంత ఎత్తు నిలిస్తే, అంతకు పదమూడున్నర రెట్లు బరువైన పాదరసం అందులో పదమూడున్నరవ వంతే నిలవాలి గదా! మేడంత గొట్టం చేతికర్ర అంత అయిపోతుంది. వివియాని చేత ప్రయోగం చేయించి, 1644 జూన్ 11న తన మిత్రునికి వ్రాసిన లేఖలో, మనం గాలి అనే సముద్రం అడుగున బ్రతుకుతున్నామన్న భావం వెల్లడించాడు.

పాస్కల్ చేసిన పని నాకు మరింత ఇష్టం, ఎందుకనగా అందులో బడి పిల్లల పట్టుదల కనబడుతుంది. 1646–47లో ఫ్రాన్సులోని రువాన్ పట్టణంలో 46 అడుగుల గాజు గొట్టాలు చేయించి, ఓడ కొయ్యకు కట్టి నిలబెట్టి, ఒకదానిలో నీరు, మరొకదానిలో ఎర్ర ద్రాక్షసారాయి పోయించాడు. పైన ఖాళీగా కనిపించే చోటు ద్రవం నుండి వెలువడిన ఆవిరితో నిండి ఉన్నదని వాదించేవారు కొందరుండేవారు. సారాయికి ఆవిరి ఎక్కువ గదా, కాబట్టి అది నీటికంటె క్రిందికి దిగాలని వారి లెక్క. కాని సారాయి నీటికంటె కొంచెం పైననే నిలిచింది. సారాయి నీటికంటె కొంచెం తేలిక మరి! సాంద్రతదే పైచేయి అయింది. ఆ మరుసటి సంవత్సరం, 1648 సెప్టెంబరు 19న, పాస్కల్ బావ పెరియే పాదరసపు గొట్టాన్ని పుయ్ ద డోమ్ అనే కొండ మీదికి మోసుకొనిపోయి, పైన పాదరసం ఎనిమిది సెంటీమీటర్లకు పైగా దిగడం చూశాడు. నేను సీసా సంచిలో పెట్టుకొని కృష్ణగిరి దిగిన ప్రయాణం దానికి తలక్రిందుల రూపమని నాకు ఆ రాత్రి తోచింది. తేడా ఒక్కటే, ఆయన తెలిసి చేశాడు, నేను తెలియక చేశాను.

ఆవిరి వాదం ఓడిపోయిందన్నాను గాని, అది పూర్తిగా ఓడలేదు. దానిని మేము మన బడిలోనే, మన మేడ మీదనే తెలుసుకొన్నాము.

కొన్నేండ్ల క్రితం పదవ తరగతి పిల్లలు నీటి భారమితి కట్టాలని పట్టుబట్టారు. మేస్త్రీలు మట్టం చూసుకొనే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం కొని తెచ్చారు. (మేస్త్రీల మరొక సాధనాన్ని రసమట్టం అంటారు, అందులో రసం లేదు, ఉన్నది సారాయి వంటి ద్రవమే. తమిళంలోనూ అదే మాట. పేరులో రసం ఉన్నంత మాత్రాన పాదరసం ఉన్నదనుకొనరాదని పిల్లలకు చెబుతుంటాను.) ఒక కొనను గట్టిగా బిగించి, నీలిసిరా కలిపిన నీటితో నింపి, రెండవ కొనను నేల మీది బక్కెట్టులో ముంచి, మేడ మీది నీటి తొట్టి గట్టు వరకు త్రాడుతో లాగారు. ఏమైంది? గొట్టం పైభాగం అప్పడంలాగా చప్పిడిపోయింది. లోపల ఏమీ లేదు, బయట గాలి నొక్కుతున్నది. మెత్తని గొట్టం ఓర్చుకొనలేదు. సాధనం పొడవే కాదు, దాని గోడ మందం కూడ లెక్కలోనిదేనని ఆ రోజు అందరికీ అర్థమైంది. పిదప మందపాటి గొట్టం తెచ్చి, గాలి పోయేటట్లు నీటిని మరగించి చల్లార్చి పోశారు.

9 మీటర్ల 30 రావలెనని బోర్డు మీద వ్రాసి పెట్టుకొన్నారు. వచ్చినది 8 మీటర్ల 90. పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఈసారి మాత్రం నేను ఎర్ర సిరా తీయలేదు. నలభై సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయో వెతకమన్నాను. అందులో ముప్పయి దొరికాయి. 25 డిగ్రీల వద్ద నీటి ఆవిరికి సుమారు 24 మిల్లీమీటర్ల పాదరసమంత పీడనం ఉంటుంది. గొట్టం పైన శూన్యమని మనం అనుకొన్న చోట అది కూర్చొని నీటిని క్రిందికి నొక్కుతున్నది. 24 మిల్లీమీటర్లను 13.6 చేత గుణిస్తే 32 సెంటీమీటర్ల పైన. మిగిలినది నీటి నుండి విడివడిన గాలి బుడగల పని.

ఉదయం పది గంటలకు ఒకసారి, సాయంకాలం నాలుగింటికి ఒకసారి ఎత్తును వ్రాసుకొన్నారు. మన వంటి ఉష్ణ దేశాలలో వాయుపీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పదింటి ప్రాంతంలో ఎక్కువ, నాలుగింటికి తక్కువ. ఆ తేడా పాదరసంలో మూడు మిల్లీమీటర్లే గనుక మామూలు కంటికి ఆనదు. నీటిలో అదే నాలుగు సెంటీమీటర్లవుతుంది. తేలిక ద్రవానికి ఉన్న గొప్పతనం ఇదే. సాధనం పొడవు పెరిగినా, చిన్న మార్పును పెద్దదిగా చూపుతుంది. పిల్లలు కొలిస్తే నాలుగు కాదు, పన్నెండు పదమూడు సెంటీమీటర్లు దిగింది! నేనే మొదట పొంగిపోయాను. తరువాత థర్మామీటరు చూస్తే ఉదయం 22 డిగ్రీలు, సాయంకాలం 27. ఆ అయిదు డిగ్రీలకు ఆవిరి పీడనం పెరిగి నీటిని తొమ్మిది సెంటీమీటర్లు దింపింది. గాలి చేసిన పని నాలుగు, ఎండ చేసిన పని తొమ్మిది. మేము కట్టినది భారమితి అనుకొన్నాము, అది సగానికి మించి ఉష్ణమాపకమే అయింది.

ఆల్కహాలు చిక్కు కూడ ఇదే. దాని ఆవిరి నీటి ఆవిరికి రెట్టింపు కంటె ఎక్కువగా నొక్కుతుంది. పన్నెండు మీటర్ల గొట్టం కట్టి, అందులో దాదాపు మీటరు ఎత్తు ఆవిరికి సమర్పించుకొనవలసి వస్తుంది. పాదరసపు ఆవిరి పీడనమో, ఒక మిల్లీమీటరులో వెయ్యవ వంతు మాత్రమే. కనుక పాదరసాన్ని ఎన్నుకొనడానికి సాంద్రత మొదటి కారణమైతే, ఆవిరి కాకపోవడం రెండవది. గాజును తడపదు, అది మూడవది.

అయినా నీటినీ, నీటి వంటి ద్రవాలనూ నమ్ముకొన్న వారు లేకపోలేదు. మాగ్డెబర్గ్ నగరంలో ఓటో ఫాన్ గెరిక్ తన ఇంటికి నీటి భారమితి కట్టించి, నీటి మీద చెక్క బొమ్మను తేల్చాడు. వాతావరణం బాగుంటే బొమ్మ పైకి వచ్చేది, గాలివాన ముందుగా లోనికి దిగిపోయేది. 1660లో ఆ బొమ్మ అకస్మాత్తుగా దిగిపోవడం చూసి గాలివాన రానున్నదని ముందే చెప్పాడట. 1880 ప్రాంతంలో ఇంగ్లండులో జోర్డాన్ అనే ఆయన గ్లిసరిన్‌తో పెద్ద భారమితి నిర్మించాడు. గ్లిసరిన్‌కు ఆవిరి లేదనవచ్చు, కదలిక పాదరసంకంటె దాదాపు పదకొండు రెట్లు. కాని అది గాలిలోని తేమను పీల్చుకొని సాంద్రత మార్చుకొంటుంది. సాంద్రత మారితే లెక్క అంతా మారినట్లే. అందుకని గిన్నెలోని గ్లిసరిన్ మీద నూనె పోసి కప్పవలసి వచ్చింది.

పాదరసం సాంద్రత మాత్రం స్థిరమా? కాదు. ఎండకు అది కూడ వ్యాకోచించి కొంచెం తేలికవుతుంది. 25 డిగ్రీల వద్ద మన హోసూరు అంకెలో దాదాపు మూడు మిల్లీమీటర్లు ఆ కారణంగా ఎక్కువ కనబడుతుంది. అందువలన మంచి భారమితికి ప్రక్కనే థర్మామీటరు బిగిస్తారు, చదివిన అంకెను సున్నా డిగ్రీలకు సరిచేస్తారు. బరువైన ద్రవం ఎత్తును కుదించినట్లే మార్పులను కూడ కుదిస్తుంది. కాబట్టి మిల్లీమీటరులో పదవ వంతును చదవడానికి వెర్నియర్ స్కేలు కావలసి వచ్చింది. గొట్టంలో పాదరసం దిగితే గిన్నెలో మట్టం పెరుగుతుంది, కొలత మొదలే జరిగిపోతుంది. ఫోర్టిన్ భారమితిలో గిన్నెకు తోలు అడుగు పెట్టి, మర త్రిప్పి, పాదరసాన్ని దంతపు ముల్లు మొనకు తాకించడం దీనికొరకే. ముల్లు మొన, దాని ప్రతిబింబం తాకీ తాకనట్లు కలిసే ఆ క్షణం చూడడం నా విద్యార్థి దశలో నాకు గొప్ప ముచ్చట. గొట్టాన్ని ఏటవాలుగా వంచి ప్రయాణాన్ని పొడిగించిన వారు, తేలే బొమ్మకు చక్రం, ముల్లు తగిలించిన వారు కూడ ఉన్నారు. వాటి వివరాలలోకి పోను, పిల్లలు ఇప్పటికే కదులుతున్నారు.

ఓడల సంగతి ఒక్కటి చెప్పాలి. తెలుగు తీరానికి తుపాను కొత్తది కాదు. 1839 నవంబరులో తుపాను కోరంగి రేవును ముంచివేసింది. 1977 నవంబరు 19 దివిసీమ సంగతి ఈ సభలోని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మద్రాసు నక్షత్రశాలలో 1796 నుండి వాతావరణ పరిశీలనలు వ్రాసి పెట్టారు. ఒడ్డున భారమితి కదలకుండా ఉంటుంది, ఓడలో అట్లా కాదు. పాదరసం బరువైనది గనుక ఓడ ఊగినప్పుడు గొట్టంలో పోటెత్తి, పైకొనను ఢీకొని గాజును పగులగొట్టగలదు. అందుకని ఓడ భారమితుల గొట్టాన్ని మధ్యలో సన్నగా నొక్కి, పాదరసం నెమ్మదిగా కదిలేటట్లు చేసేవారు. సాధనాన్ని చిన్నది చేసిన ఆ సాంద్రతయే ఓడలో ప్రమాదకారి అయింది.

ఇది బడిలోనే నిలిచే పాఠమని తల్లిదండ్రులు అనుకొనవద్దు. నీటి భారమితి కట్టిన పిల్లలలో ఒక అమ్మాయి తండ్రి పూలతోట సాగు చేసేవారు. మేడకు వ్రేలాడే గొట్టాన్ని చూడ వచ్చి, “మా బావిలో మోటారును గట్టు మీద పెడితే నీళ్ళు ఎక్కవమ్మా, బావి లోపల అరుగు కట్టి దించితేనే ఎక్కుతాయి” అన్నారు. ఆయన చెప్పినదే గెలీలియో చెప్పాడు. పీల్చే పంపు నీటిని లాగదు, బయటి గాలి నీటిని పైకి నెడుతుంది. సముద్రపు ఒడ్డున ఆ నెట్టుడు 10 మీటర్ల 30 వరకు. మన హోసూరులో 9 మీటర్ల 30 మాత్రమే. ఆవిరి, గొట్టంలోని రాపిడి, బిగింపుల లోపాలు పోగా ఆచరణలో ఆరేడు మీటర్లు మిగిలితే అదృష్టం. మైదాన ప్రాంతపు లెక్క చూసి మోటారు గట్టు మీద బిగిస్తే ఒక మీటరు దగ్గరనే మోసపోతాము. నేడు బోరుబావులలో దించే మోటార్లకు ఈ హద్దు లేదు, అవి క్రింద కూర్చొని పైకి త్రోస్తాయి గనుక. లోతు పెరిగినకొద్దీ కరెంటు ఖర్చు పెరగడం వేరే కథ.

పాదరసం గురించి తల్లిదండ్రులకు మరొక మాట. మా చిన్ననాట దానిని అరచేతిలో పోసుకొని ఆడుకొన్నాము, ఎవరూ వారించలేదు. అది విషం. పడిపోతే చిన్న గుండ్లుగా చెదరి, నేల పగుళ్ళలో దాగి, కనబడని ఆవిరిని ఏండ్ల తరబడి వదులుతుంది. ఇందాక ఆవిరి చాలా తక్కువ అన్నది కొలతకు సంబంధించిన మాట, మన ఊపిరితిత్తులకు ఆ కొంచెమే ఎక్కువ. మన రాష్ట్రంలోనే కొడైకెనాలులో ఒక థర్మామీటర్ల కర్మాగారం పాదరసం అంటిన గాజు వ్యర్థాల కారణంగా 2001లో మూతపడింది. పాదరసపు విషానికి బలియైన జపాను పట్టణం మినమాత పేరిట 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక, పాదరసపు భారమితుల తయారీని, ఎగుమతి దిగుమతులను 2020 నాటికి ఆపవలెనని గడువు పెట్టింది. కొన్ని దేశాలకు వెసులుబాటు, అతి సూక్ష్మమైన కొలతలకు మినహాయింపు ఇచ్చారు. మన బీరువాలోని సీసాకు తాళం పడినది ఇందుకే. ఇప్పుడు పిల్లలు ఆ ప్రయోగాన్ని పాదరసంతో చేయరు. మేడ, గొట్టం, నీళ్ళు ఉన్నాయి గదా.

1844లో ఫ్రాన్సులో విడి అనే ఆయన ద్రవం లేని భారమితి కనిపెట్టాడు. గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బా, పీడనం పెరిగితే నొక్కుకొంటుంది, తగ్గితే ఉబ్బుతుంది. దాని మనుమడు వంటిది నేడు కొన్ని చేతిఫోన్లలోనే ఉన్నది. సాంద్రత గొడవ తీరిపోయింది గదా అనుకొన్నాను. మొన్న ఒక ఎనిమిదవ తరగతి పాప తండ్రి ఫోను తెచ్చి చూపింది. ఫోను లోపలి సాధనం 913 మిల్లీబార్లు అంటున్నది. అదే ఫోనులో హోసూరు వాతావరణ సమాచారం 1012 అంటున్నది. “ఏది తప్పు టీచర్?” అని అడిగింది. రెండూ తప్పు కాదు. 913 మన ఊరి గాలి. 1012 ఈ ఊరు సముద్రపు ఒడ్డున ఉండి ఉంటే ఎంత ఉండేదో లెక్క కట్టి చెప్పిన అంకె, ఊరికీ ఊరికీ పోల్చి తుపానులను గుర్తించడానికి. మా కాలపు 76 వేషం మార్చుకొని మరల వచ్చిందన్నమాట. ఆ పాప చేత 68.5 ను లెక్క కట్టించి, రెండు అంకెలనూ పుస్తకంలో ప్రక్కప్రక్కన వ్రాయించాను.

ప్రయోగశాల గోడ మీద మన బడి ఎత్తును, ఇక్కడి పాదరస స్తంభం ఎత్తును, నీటి స్తంభం ఎత్తును తెలుగులో వ్రాయించి పెట్టాలని పూర్వ విద్యార్థుల సంఘం వారిని కోరాను. అంగీకరించారు. వారికి కృతజ్ఞతలు.

ఇక ఆ 68.3 వ్రాసిన విద్యార్థి. వాని పేరు ఇక్కడ చెప్పను. ఈ సభలో ఉన్నాడో లేదో నాకు తెలియదు, ఈ సంచిక వాని చేతికి చేరుతుందని ఆశ. నాయనా, ఆ రికార్డు పుస్తకం నీ ఇంట్లో అటక మీద ఎక్కడైనా మిగిలి ఉంటే ఒకసారి పట్టుకొని రా. నేను పదవీ విరమణ చేసేలోగా ఎర్ర సిరాతో వ్రాసిన ఆ 76 ను కొట్టివేసి, నీ అంకె ప్రక్కన సంతకం పెడతాను.